నొక్కుడు చదివింపులు

నా మోకాళ్ళ నొప్పి సంగతి మా ఇంటావిడ కంటే ముందు మా వార్తల వెబ్‌సైట్‌కు తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ చూడకుండా ఫోన్లో మోకాళ్ళకు ఏ నూనె మంచిదో వెతికాను. అంతే. సాయంత్రం మా సైటు తెరిస్తే భైంసా పత్తి ధరల కింద మోకాళ్ళ నూనె, కలెక్టర్ గారి సమీక్ష కింద మోకాళ్ళ పట్టీ. నాకు ఒళ్ళు మండింది. లోపలికి పోయి గయ్యిమన్నాను.

"ఏందిది? మన సైటు మొత్తం ముసలోళ్ళ దవాఖాన చేసిన్రు!"

కంప్యూటర్ ముందున్న అమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టింది. అదే పత్తి ధరల వార్త. కింద చెవి కమ్మలు. సైటు నడిపే మా పెద్దసారు ఫోన్ తీసి చూస్తే అదే జాగాలో బ్యాంకు అప్పు.

"కాకా, గవి మనం ఏసేటియి కావు. ఎవరు చూస్తే వాళ్ళ యాడే వస్తది" అంది అమ్మాయి నవ్వు ఆపుకుంటూ. "మీకు మోకాళ్ళు నొస్తున్నయా?"

బతుకంతా యాడ్లు అమ్మి తిన్నవాడిని. ఆ రోజు నా చేతిలోనే నా యాడ్ నన్ను చూసి నవ్వింది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నా ఉద్యోగం ఏమిటో చెప్పినా అర్థం కాదు. కరీంనగర్ నుంచి ఇటు మెట్‌పల్లి, అటు నిర్మల్, భైంసా దాకా దుకాణాలు తిరిగి పేపర్‌కు ప్రకటనలు తెచ్చేవాడిని. గద్దె మీద కూర్చోవడం, చాయ్ తాగడం, సేటు పిల్లల చదువులు అడగడం, లేచేటప్పుడు "మరి దసరాకు ఏద్దామా?" అనడం. ఇదే విద్య. సేటు కాదన్నాడంటే ఇంకో చాయ్ తాగాలి, అంతే తేడా. పేపర్ నుంచి బయటికొచ్చాక మా పెద్దసారు పెట్టిన వార్తల వెబ్‌సైట్‌లో చేరాను. ఆయన ఒకప్పుడు నాతోపాటే పనిచేసిన విలేకరి. మంచివాడే గానీ మొండివాడు. ఊరికి పనికొచ్చే వార్త తప్ప ఇంకోటి రాయనంటాడు. ఆఫీసు అంటే రెండు గదులు, ఒక ఫ్యాన్, మేం ముగ్గురం, బయట ఊర్లలో కొందరు రాసేవాళ్ళు.

మూడో మనిషి ఆ అమ్మాయే. బొగ్గుబాయి కాలనీలో పుట్టింది. వాళ్ళ బాపు బాయిలో పనిచేసి రిటైరైనాడు. పొద్దున బస్సెక్కి కరీంనగర్ వచ్చేది, కంప్యూటర్ పని చేసేది, దాంతోపాటు కాలనీ పేజీ అని ఒకటి తనే రాసేది. అందులో ఏముండేవంటే, ఈ నెల బాయి పని నుంచి రిటైరై ఇంటికి వచ్చినవాళ్ళెవరు, ఏ క్వార్టర్లకు నీళ్ళు రాలేదు, పెద్ద దవాఖానకు పోయే బస్సు ఎప్పుడు, నిన్న ఎవరు పోయారు. అంతే. కానీ కాలనీ విడిచి పిల్లల దగ్గర ఎక్కడెక్కడో ఉంటున్న ముసలోళ్ళంతా పొద్దున్నే ఆ పేజీ చూశాకే పండ్లు తోముకునేవాళ్ళు.

చిక్కెక్కడంటే, మా సైట్‌లో యాడ్లు పెట్టేది ఊరూ పేరూ తెలియని ఒక యాడ్ల కంపెనీ యంత్రం. దానికి కాలనీ పేజీ అంటే పడదు. చావు వార్త పక్కన తమ సబ్బు కనపడొద్దని సబ్బు కంపెనీ వాళ్ళు చెబుతారట. బాయిలో ప్రమాదం జరిగిందని రాస్తే ఆ పేజీ మీద యాడ్ జాగా తెల్లగా, కడిగిన పళ్ళెంలా ఉండేది. అదే బంగారం రేటు పేజీ ఉందనుకోండి, అందులో మేం రాసేది ఒక్క ముక్క. దాని చుట్టూ యాడ్లు ముసిరేవి. బజారు అవతల ఒకాయన మా వార్తలే ఎత్తుకుపోయి, పైన రాశిఫలాలు, కింద కొత్త ఫోన్ల ధరలు పెట్టి సైటు నడిపేవాడు. ఆయన కారు కొన్నాడు. మా పెద్దసారు స్కూటర్‌కు కొత్త టైరు వేయించడానికి ఆలోచించేవాడు.

ఒక రోజు పెద్దసారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"దసరా దాకా చూస్త. గప్పటికి ఆమ్దానీ పెరగకుంటే కాలనీ పేజీ బంద్ జేస్త. ఇంకో తొవ్వ లేదు."

కాలనీ పేజీ బంద్ అంటే అమ్మాయి ఉద్యోగమూ బంద్ అని ముగ్గురికీ తెలుసు. సాయంత్రం బస్సుకు పోతూ ఆమె నాతో "పోయొస్త కాకా" అనలేదు. నాకు బాధయింది. యాడ్లు తేవడం నా పని, కష్టం ఆ పిల్లకు. మరునాడే కరీంనగర్ బజారులో నాకు బాగా పాతకాపైన బట్టల సేటు దగ్గరికి పోయాను. పెండ్లి చీరలంటే మా వైపు ఆయన దుకాణం పేరే చెబుతారు. ఆయన దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఇంకో పెద్ద బట్టల దుకాణం వచ్చి కూర్చుంది. దాని బోర్డు వెలుగు వచ్చి ఈయన గల్లాపెట్టె మీద పడుతుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు.

చాయ్ వచ్చింది. పిల్లల చదువులు అయ్యాయి. నేను అసలు సంగతికొచ్చాను.

"సేటూ, మా సైటు ఒక్కసారి మీ ఫోన్ల తెరువుండ్రి. యాడ్ ఎంత నిగనిగ కనపడ్తదో చూడుండ్రి."

తెరిచాడు. చీరలు మడతపెట్టే ఆడపిల్లలు కూడా వెనక నిలబడి తొంగిచూశారు. పసుపు ధరల వార్త వచ్చింది. దాని కింద నిగనిగలాడుతూ ఎదుటి దుకాణం యాడ్ వచ్చింది. సగం ధరకే పట్టుచీరలట.

సేటు ముఖం కందగడ్డ అయింది. "నా గద్దె మీద కూసోని, నా చాయ్ తాగి, నీ సైట్ల గా దుకునపోని యాడ్ చూపెడ్తవా?"

"నేను చూపెట్టలే సేటూ! గా దుకునం సైటు మీరేమన్న తెరిచి చూసిన్రా?"

వెనక ఒక పిల్ల దగ్గింది.

"రేట్లు చూసిన" అన్నాడు సేటు, గొంతు తగ్గించి. "చూడొద్దా?"

"చూడుండ్రి. కని ఒక్కసారి చూస్తే గది మనను ఇడువదు. నాకు రోజు మోకాళ్ళ నూనె వస్తుంది."

అప్పుడు నవ్వాడు గానీ యాడ్ మాత్రం ఇవ్వలేదు. ఎందుకివ్వడో ఆయనే వివరంగా చెప్పాడు. ఇప్పుడు పైసలు ఆ యాడ్ల కంపెనీకే కడుతున్నాడట. "ఎవరింట్ల పెండ్లి ఉన్నదో గా కంపెనీకి ఎర్కనే. గా ఇంటోళ్ళు ఫోన్ల ఏం చూస్తుంటే దాంట్ల నా చీరెలు చూపెడ్తది. వంటలు చూడనీ, కామెడీలు చూడనీ, దానికేం ఫరక్ లేదు. గసొంటప్పుడు నీ సైటుకే ఎందుకియ్యాలె అన్నా?"

నాకు తెలిసిన వ్యాపారం వేరు. మంచి పేపరు వేస్తే మంచి చదువరులు వస్తారు, వాళ్ళకోసం సేటు మా దగ్గరికి వస్తాడు. ఇప్పుడు సేటు చదువరి వెంటే పోతున్నాడు. ఆ చదువరి చెత్త చూస్తుంటే చెత్త సైటుకే నాలుగు పైసలు రాలుతాయి. కష్టపడి వార్త రాసినవాడూ, దాన్ని ఎత్తుకుపోయినవాడూ ఆ యంత్రానికి ఒకటే. పైగా ఎత్తుకుపోయినవాడి దగ్గర చావు వార్తలుండవు కాబట్టి వాడే ముద్దు. బయటికొచ్చి ఎదుటి దుకాణం బోర్డు కింద కాసేపు నిలబడ్డాను. అక్కడికి పోయి అడిగే ముఖం నాకు లేదు.

ఈ దిగులులోనే ఆ అమ్మాయి వాళ్ళ అన్న పెండ్లి వచ్చింది. కాలనీ గ్రౌండ్‌లో పందిరి. నా భోజనమయ్యాక నన్ను ముసలోళ్ళ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పందిట్లో మైకు పట్టుకున్నాయన చదివింపులు చదువుతున్నాడు. ఫలానా బావ కంచు బిందె చదివించిండు, ఫలానా మేనత్త ఇంత చదివించింది అని. మన దిక్కు పెండ్లిలో ఆ గొంతు లేకపోతే అన్నం అరగదు. నా పక్కన ఒక రిటైరైన బాయి మనిషి నన్ను అడిగాడు.

"తమ్మీ, పేపర్‌కన్న పైసలు తీసుకుంటరు. మీ సైటు ఊకెనే చూస్తున్నం. మరి మీకు జీతాలెట్ల?"

"కింద యాడ్లుంటయి గద అన్నా. ఎవరన్న దాని మీద నొక్కితే కంపెనీ మాకు జరంత ఇస్తది."

"నొక్కుడేనా? గంతేనా?"

"గంతే."

ఇదంతా పెండ్లికొడుకు తండ్రి, అంటే మా ఆఫీసు అమ్మాయి బాపు, వెనక నిలబడి విన్నాడు. ముఖం వెలిగిపోయింది. "గీ ముచ్చట ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే? మా బిడ్డ బస్సుల పోయి వస్తుంటే నాకేం అర్థమైతలేదు. నొక్కుడు మాతోని కాదా?" అంటూ పోయి మైకు అందుకున్నాడు.

"ఇనుండ్రి! మా బిడ్డ రాసే పేజీ అందరు రోజు చూస్తున్నరు గద. గా సైట్ల కింద యాడ్లుంటయట. ఫోన్లు తీసి తలా ఒకటి నొక్కుండ్రి. గదే మాకు చదివింపులు!"

పందిరి మొత్తం ఫోన్లు తీసింది. పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఎడమ చేత్తో నొక్కారు. ఒక అవ్వ తన మనవడి ఫోన్ గుంజుకొని నొక్కింది. మైకులో ఆయన "ఫలానా మామ రెండు నొక్కులు చదివించిండు" అని కూడా అన్నాడు. నాకు కండ్లల్ల నీళ్ళొచ్చాయి. ఆ అమ్మాయి అప్పుడు ఇంటి లోపల వదినకు చీర కట్టిస్తోంది, ఇదేమీ వినలేదు. విని ఉంటే మైకు గుంజుకునేది.

పెండ్లితో ఆగితే బాగుండేది. కాలనీవాళ్ళు ఏదైనా మొదలుపెడితే మానరు. పొద్దున లేవడం, పేజీ చదవడం, నాలుగు యాడ్లు నొక్కడం. ఏ ఊర్లో ఉన్నవాడు ఆ ఊర్లోనే. ఒకాయన పొద్దునా సాయంత్రం బీపీ గోళీ వేసుకున్నప్పుడల్లా నొక్కేవాడట, మరిచిపోకుండా ఉంటుందని. మా ఆమ్దానీ గీత కంప్యూటర్‌లో ఒక్కసారిగా గుట్ట ఎక్కింది. పెద్దసారు మిఠాయి డబ్బా తెచ్చాడు. అమ్మాయి మాత్రం ఆ గీత చూసి మిఠాయి ముట్టలేదు.

"కాకా, ఏందో తప్పు జరుగుతుంది. గింత మంది ఎందుకు నొక్కుతున్నరు?"

నేను గర్వంగా పెండ్లి ముచ్చట చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆమె ముఖం వాడిపోయింది. రెండు చేతులతో తల పట్టుకుంది. సొంతవాళ్ళు కావాలని నొక్కితే యంత్రం దాన్ని దొంగతనం అనుకుంటుందని అప్పుడు తెలిసింది నాకు. చెప్పి వారం తిరగకముందే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీ సైట్‌లో అనుమానం కలిగే నొక్కుడు జరిగింది, మీ ఖాతా మూసేశాం అని. గుట్ట ఎక్కిన పైసలు కూడా ఇవ్వరట.

"గా కంపెనీ ఆఫీసు ఏడున్నది? నేను పోయి మాట్లాడ్త" అన్నాను.

"ఆఫీసు లేదు కాకా. ఒక ఫారం ఉన్నది, గంతే."

ఆఫీసు లేకపోవడమేమిటి! గద్దె లేదు, చాయ్ లేదు, ఎవరి పిల్లల చదువు అడగాలి? అయినా పట్టువదలకుండా కూర్చొని అర్జీ చెప్పి రాయించాను. అయ్యా, మా దగ్గర పెండ్లిలో చదివింపులని ఒక ఆచారముంది, ప్రేమతో ఇచ్చేది వద్దనకూడదు, మా వాళ్ళు దొంగలు కాదు, బాయి పని చేసి బతికినవాళ్ళు, అని. అమ్మాయి అదంతా ఇంగ్లీషులోకి మార్చి పంపింది. మేం కుర్చీల్లోంచి లేవకముందే జవాబొచ్చింది. మా నిర్ణయం మారదు అని. నా విన్నపాన్ని అంత తొందరగా కాదన్న సేటు నా సర్వీసులో లేడు.

ఈ సంగతి తెలిసి అమ్మాయి బాపు కుంగిపోయాడు. ఎంతగా అంటే, పేజీ చూడాలనుకుంటే ఫోన్ మంచం మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి, "నువ్వే జరుపు బిడ్డా, నేను ముట్ట. నేను ముడితే ఖరాబైతది" అనేవాడట. అమ్మాయి అది చెబుతూ నవ్వబోయి ఏడ్చింది. దసరా దగ్గరికొచ్చింది.

ఇక పోవడానికి నాకు వేరే గడప లేదు. మళ్ళీ బట్టల సేటు దగ్గరికే పోయాను. ఆశ పెట్టుకొని పోలేదు, చాయ్‌కే పోయాను. పోయేసరికి ఆయన ఫోన్ మీద కోపంగా వేళ్ళు ఆడిస్తున్నాడు.

"రా అన్నా, నువ్వే చెప్పు. పెండ్లిళ్ళ సీజన్ మొత్తం గా కంపెనీకి పైసలు కట్టిన. నా యాడ్ నాకు ఒక్కనాడు కనపడలే! మా తమ్మునికి కనపడలే. మెట్‌పల్లిల నా బామ్మర్ది ఉన్నడు. ఫోన్ జేసి ఏమన్నడో ఎర్కేనా? 'బావా, దుకునం నడుస్తుందా, బంద్ పెట్టినవా' అన్నడు. ఎందుకంటే ఆని ఫోన్ల గీ ఎదుటోనిదే వస్తుందట!"

"సేటూ, గది కొనేటోళ్ళకే చూపెడ్తది. మీరు చీరెలు అమ్మేటోళ్ళు, మీకెందుకు చూపెడ్తది?"

"మరి నా బామ్మర్దికి?"

"ఆయన చీరెలేం కొంటడు?"

"కొనకున్నా చూడాలె గదనే!" అని గద్దె మీద చెయ్యి కొట్టాడు.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఇన్నేళ్ళు నేను అమ్మింది ఏమిటో ఆ ఒక్క మాటతో తెలిసింది. మన చౌరస్తాలో పుట్టినరోజు ఫ్లెక్సీలు చూడండి, వాటితో ఎవరు ఏం అమ్ముతున్నారు? బామ్మర్ది చూడాలి, దాయాది పాలోడు చూడాలి, పడనివాడు కచ్చితంగా చూడాలి. యంత్రానికి అమ్మకం తెలుసు, ఇజ్జత్ తెలియదు. ఆ ముక్క దానికి ఎవరూ నేర్పలేదు.

"సేటూ, నేనొకటి చెప్త. మా సైట్ల మీ యాడ్ గోడకు రాసినట్టు పెడ్త. ఎవరు తెరిచినా, ఏ ఫోన్ల తెరిచినా మీ దుకునమే. మీ బామ్మర్దికి సుత."

సేటు కొంచెం ముందుకు వంగాడు. "ఎదుటోనికి?"

"ఆయనకు సుత. పొద్దుగాల లేవంగనే."

సేటు కళ్ళల్లో దీపావళి కనపడింది. అయినా వ్యాపారి వ్యాపారే. "సరే. మీ కాలనీ పేజీల పెట్టు, రిటైరైనోళ్ళ ఇండ్లల్ల పెండ్లిళ్ళు మస్తుంటయి. కని పండుగ దాకనే. ఒక్క ఫోన్ రాకుంటే తీసేస్త" అన్నాడు.

అమ్మాయి ఆ సాయంత్రమే యాడ్ పెట్టింది. దుకాణం బొమ్మ, కింద నంబరు. నొక్కితే నేరుగా దుకాణానికే ఫోన్ పోతుంది. యంత్రం తెల్లగా వదిలేసిన జాగాలో, చావు వార్తల పక్కనే, పట్టుచీర మెరిసింది. ఎవరికీ ఏమీ తప్పనిపించలేదు. మన బతుకుల్లోనూ అవి పక్కపక్కనే ఉంటాయి కదా. మరునాడు ఆమె బాపు నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, గీ యాడ్ నొక్కచ్చునా? తప్పైతదా?"

"నొక్కకు అన్నా! నొక్కితే ఫోన్ పోతది."

"ఫోన్ చేస్తే తప్పా?"

ఆలోచించాను. నంబరు వేసిందే ఫోన్ చేయడానికి. "తప్పైతే కాదు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

రెండు రోజులకు సేటు దగ్గర్నుంచి కబురు. వెంటనే రమ్మని. మోకాళ్ళు మరిచి ఉరికాను. దుకాణంలో ఫోన్ మోగుతూనే ఉంది. ఒక పిల్ల చీరల పని వదిలి దాని దగ్గరే కూర్చుంది. నాకు మెయిల్ గుర్తొచ్చింది. మళ్ళీ అదే కథ అనుకొని, సేటు నోరు తెరవకముందే పెండ్లి, మైకు, చదివింపులు, మూసేసిన ఖాతా, అన్నీ చెప్పేశాను.

"మావోళ్ళే సేటూ. కొనేటోళ్ళు కాదు. మీరు యాడ్ తీసేస్తే తీసేయుండ్రి."

"నాకెర్క లేదనుకున్నవా?" అన్నాడు సేటు. "పొద్దుటి సంది అందరు ఒకటే ముచ్చట. ఏం గావాలె అని అడిగితే ఏం వద్దు సేటూ, మా బిడ్డ పేజీల నీ దుకునం చూసిన, మంచిగున్నవా అంటున్నరు. ఇరువై ఏండ్ల సంది దుకునం నడుపుతున్న. కొనకుండ 'మంచిగున్నవా' అని ఫోన్ జేసినోడు ఒక్కడు లేడు. గీళ్ళు రేపు ఇంట్ల పెండ్లైతే చీరెకు ఏడికి పోతరన్నా, ఎదుటోని దగ్గరికా?"

సేటు నాకు ఇంకో చాయ్ చెప్పాడు.

దసరాకు పేజీ బంద్ కాలేదు. సేటు యాడ్ చూసి ఎదుటి దుకాణం ఆయన కూడా వచ్చాడు, తనకూ గోడకు రాసినట్టు యాడ్ కావాలని. పేజీలో పైన ఎవరు, కింద ఎవరు అన్న పంచాయితీ నా రిటైర్మెంట్ దాకా సాగింది.

మరుసటేడు ఆ అమ్మాయి పెండ్లి. అదే గ్రౌండు, అదే మైకు. చీరలు ఎవరి దగ్గర కొన్నారో వేరే చెప్పక్కర్లేదు. సేటు కూడా దుకాణం ఫోన్ జేబులో వేసుకొని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చదివింపులు మొదలయ్యాయి. బిందెలు, ఫ్యాన్లు, నోట్లు. చివర మైకాయన చీటీ చూసి ఒకసారి ఆగి, మళ్ళీ చదివాడు.

"కరీంనగర్ బట్టల సేటు మన బిడ్డ పేజీకి ఒక్క ఏడాది యాడ్ చదివించిండు!"

పెండ్లికూతురు బాపు లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు సవరించుకొని, జాగ్రత్తగా ఒక వేలితో నొక్కాడు. ముందు వరసలో సేటు జేబు మోగింది. అది ఆగకముందే పందిరంతా ఫోన్లు తీసింది.